అసలు, నకలు, కొనసాగింపు: ఒక మోటారుకారు పుట్టుపూర్వోత్తరములు

"అసలు", "నకలు" అను రెండు మాటలు తెలుగువారి నోట నిత్యము వినబడుచుండును. కచేరీల చుట్టు తిరిగినవారికి, కోర్టు మెట్లు ఎక్కినవారికి, సర్టిఫికెట్ల కట్ట చేతబట్టుకొని మా గది ముందు వరుసగా నిలబడు విద్యార్థులకు ఇవి కొత్త మాటలు కావు. ఈ రెండును అరబ్బీలో పుట్టి, పారశీకము, ఉర్దూల మీదుగా తెలుగులోనికి నడచి వచ్చినవి. వాటి వెంటనే హక్కు, దస్తావేజు, ఖరీదు, వారసుడు, దస్కతు అను మాటలును వచ్చి మన ఇండ్లలో స్థిరపడినవి. ఆస్తిపాస్తుల ప్రసంగము వచ్చినచో తెలుగువాడు తనకు తెలియకయే సగము ఉర్దూ మాట్లాడుచున్నాడు. రెండు భాషలును ఒకే కప్పు క్రింద చదువుకొను మన కళాశాలలో ఈ సంగతిని గుర్తు చేసుకొనుట అప్రస్తుతము కాదనుకొందుము.

ఒకనాడు తరగతిలో తాళపత్ర ప్రతులను గూర్చి, మాతృకను గూర్చి, లేఖకుల పొరపాట్లను గూర్చి చెప్పుచుంటిమి. వెనుక బల్ల మీది విద్యార్థి ఒకడు లేచి, "సార్, గ్రంథం రాసినాయనే ముప్పై ఏండ్ల తర్వాత ఇంకో ప్రతి రాసి, దాని మీద పాత తేదీ వేస్తే, అది అసలా, నకలా?" అని అడిగినాడు. తరగతి అంతయు నవ్వినది. మేము నవ్వలేకపోయితిమి. ప్రశ్న చిన్నదే, సమాధానము మాత్రము వెంటనే తోచలేదు. మేము వెదకిన సమాధానము సాహిత్య గ్రంథములలో గాక, విచిత్రముగా, పరుగు పందెపు మోటారుకార్ల చరిత్రలో దొరికినది. దానిని విద్యార్థుల ముందుంచుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

కారు పుట్టుక

అమెరికాలో టెక్సాస్ రాష్ట్రమునకు చెందిన కెరోల్ షెల్బీ పేరుపొందిన పందెపు చోదకుడు. ఫ్రాన్సు దేశమున లె మాన్స్ నగరములో జరుగు ఇరువదినాలుగు గంటల పందెమును 1959లో రాయ్ సాల్వడోరితో కలసి ఆస్టన్ మార్టిన్ కారుపై గెలిచినాడు. హృదయ వ్యాధి కారణముగా మరుసటి సంవత్సరమే పందెములు మాని, తానే కారు నిర్మింపవలెనని సంకల్పించినాడు. ఇంగ్లండులో ఏ.సి. కార్స్ అను చిన్న సంస్థ "ఏస్" అను తేలికపాటి కారును చేయుచుండెడిది. దానికి కావలసిన బ్రిస్టల్ ఇంజను సరఫరా ఆగిపోవు స్థితి వచ్చినది. ఆ చట్రములో అమెరికా దేశపు ఎనిమిది సిలిండర్ల ఇంజను అమర్చవచ్చునని షెల్బీ 1961లో ఆ సంస్థకు వ్రాసినాడు. ఫోర్డు సంస్థ ఇంజను ఇచ్చుటకు ఒప్పుకొన్నది.

1962 ఫిబ్రవరిలో ఇంజను లేని మొదటి చట్రము విమానములో లాస్ ఏంజెలెస్ చేరినది. కొలది గంటలలోనే 260 ఘనపుటంగుళముల ఫోర్డు ఇంజను అందులో బిగింపబడినది. ఆ కారు సంఖ్య సి.ఎస్.ఎక్స్. 2000, దాని పేరు కోబ్రా. అప్పటికి ఉన్నది ఆ ఒక్క కారే. పరీక్షించుటకు పత్రికలవారికి ఇచ్చునప్పుడెల్ల దానికి కొత్త రంగు పూసి పంపెడివారట! చదువరులు ఇదివరకే పెక్కు కార్లు తయారైనవని అనుకొనవలెనని ఎత్తుగడ. అసలైన కారే తొలినాళ్ళలో పలు వేషములు వేసినదన్నమాట. ఈ సంగతిని విద్యార్థులు మరువరాదు. ముందు దీనితో పని కలదు.

1965లో మరింత బలమైన 427 ఘనపుటంగుళముల ఇంజనుతో రెండవ తరము వచ్చినది. వీటి సంఖ్యలు 3000 నుండి మొదలగును. పాత చట్రపు ప్రధాన గొట్టములు 3 అంగుళముల వ్యాసము కలవి కాగా, ఈ చట్రమునకు 4 అంగుళముల గొట్టములు వాడినారు. ఆకు స్ప్రింగులకు బదులు చుట్టు స్ప్రింగులు వచ్చినవి. 1967 నాటికి నిర్మాణము ముగిసినది. మొత్తము మీద తయారైన కోబ్రాలు సుమారు వేయి. మొదట 5,995 డాలర్లకు అమ్మిన కారు క్రమముగా సంపన్నుల సేకరణలలోనికి చేరినది. షెల్బీ తన వద్దనే ఉంచుకొన్న 427 కారు ఒకటి 2007లో 55 లక్షల డాలర్లకు అమ్ముడుపోయినది. మొట్టమొదటి సి.ఎస్.ఎక్స్. 2000ను ఆయన 2012లో మరణించు వరకును ఎవరికిని అమ్మలేదు. 2016 ఆగస్టులో కాలిఫోర్నియాలోని మాంటరే వేలములో అది 1 కోటి 37 లక్షల 50 వేల డాలర్లు పలికినది.

ఒక్క ఇనుప చట్రమునకు, అల్యూమినియము రేకునకు, నాలుగు చక్రములకు ఇంత వెల ఎట్లు వచ్చినది? లోహమునకు వచ్చినది కాదు. లోహముపై చెక్కిన సంఖ్యకు, ఆ సంఖ్య వెనుక ఉన్న చరిత్రకు వచ్చినది. కనుకనే ఆ సంఖ్య ఎవరిది, ఆ చరిత్ర ఎవరిది అను వివాదములు పుట్టినవి.

నాలుగు తరగతులు

ఇట్టి కార్లను నాలుగు తరగతులుగా విభజింపవచ్చును.

మొదటిది అసలు. నిర్మాణ కాలములోనే పుట్టి, నాటి సంఖ్యతో, నాటి చట్రముతో నేటికిని నిలిచియున్నది.

రెండవది పునరుద్ధరించినది. అసలు కారే, కాని ప్రమాదములోనో తుప్పు వలననో చెడిన భాగములు మార్పబడినవి. ఊరి రథమునకు చక్రము విరిగినచో కొత్త చక్రము వేయుదురు. పదేండ్లకు మోకులు మార్చుదురు. ఇరువది ఏండ్లకు దూలములు మార్చుదురు. అయినను అది ఆ ఊరి రథమే. ఎన్ని మార్చవచ్చును, ఎంతవరకు మార్చవచ్చును అనునదియే ఇక్కడి చిక్కు.

మూడవది నకలు. నిర్మాతతో సంబంధము లేనివారు రూపమును మాత్రము అనుకరించి చేసినది. కోబ్రాకు వచ్చినన్ని నకళ్ళు మరి ఏ కారుకును రాలేదన్నచో అతిశయోక్తి కాదు. అసలు కార్లు వేయి కాగా, నకళ్ళు అనేక వేలు. ఇది నకలే అని చెప్పి అమ్మినంతకాలము అందులో మోసము లేదు.

నాలుగవది కొనసాగింపు కారు. అసలు నిర్మాతయే, లేక అతని హక్కులు పొందిన సంస్థయే, ఎన్నో ఏండ్ల తరువాత అదే రూపములో, అదే వరుస సంఖ్యలకు తరువాయిగా నిర్మించినది. దీని చేయి అసలు చేయి. కాలము మాత్రము కొత్త కాలము. మా విద్యార్థి అడిగిన ప్రశ్న సరిగా ఈ నాలుగవ తరగతికే చెందినది.

నలుబదిమూడు సంఖ్యల కథ

427 కోబ్రాను పందెములలో ప్రవేశపెట్టుటకు అంతర్జాతీయ మోటారు సమాఖ్య ఒక నిబంధన విధించినది. అట్టి కార్లు నూరు తయారై ఉండవలెను. 1965లో తనిఖీకి వచ్చినవారికి అందులో సగము మాత్రమే కనబడినవి. అనుమతి రాలేదు. నూరు కార్లకు ఉద్దేశించిన సంఖ్యలలో కొన్ని కాగితము మీదనే మిగిలిపోయినవి. ఆ సంఖ్యలకు కార్లు లేవు.

కోబ్రా వెల ఆకాశమునంటిన తరువాత, అసంపూర్ణముగా మిగిలిన పాత చట్రములను తాను పూర్తి చేయుచున్నానని షెల్బీ ప్రకటించినాడు. కొనువారు ముందుకు వచ్చినారు. అయితే 1993లో లాస్ ఏంజెలెస్ టైమ్స్ పత్రిక ఈ వ్యవహారమును తవ్వి తీసినది. ఆ చట్రములు 1960ల నాటివి కావనియు, ఇటీవల కాలిఫోర్నియాలో కొత్తగా చేయించినవనియు, పాతవి సంఖ్యలు మాత్రమేననియు తేలినది. షెల్బీ తరువాత దీనిని ఒప్పుకొన్నాడు. మరి యాజమాన్య పత్రములు ఎట్లు వచ్చినవి? కాలిఫోర్నియా నిబంధనల ప్రకారము, పత్రము పోగొట్టుకొన్న యజమాని వ్రాతమూలకముగా ప్రకటించినచో నకలు పత్రము లభించును. ఆ వెసులుబాటును ఆధారము చేసికొని నలుబదిమూడు సంఖ్యలకు నకలు పత్రములు పొందబడినవి. అసలు పత్రము ఎన్నడును పుట్టలేదు; దాని నకలు మాత్రము పుట్టినది!

ఇక్కడ ఆలోచింపవలసిన అంశమొకటి కలదు. ఆ కార్లు చేసినది దొంగలు కారు. కోబ్రాను కనిపెట్టినవాడే చేయించినాడు. ఆ పేరు ఆయనది, ఆ రూపము ఆయన సంకల్పము నుండి పుట్టినది. ఇంతకంటె హక్కు ఎవరికి కలదు? అయినను తప్పు తప్పే. తన పేరును వాడుకొను హక్కు మనుష్యునికి ఉండును గాని, గడచిన కాలమును తిరిగి తెచ్చి అమ్ముకొను హక్కు ఎవరికిని లేదు. ఒక్క కారుకు పలు రంగులు పూసి పలు కార్లుగా చూపిన పూర్వపు చమత్కారము నవ్వు తెప్పించును. అచ్చట కొనువాడు నష్టపోలేదు. లేని వయస్సును కారునకు అంటగట్టి అమ్మునప్పుడు మాత్రము నవ్వు రాదు.

ఆ తరువాత మార్గము చక్కబడినది. షెల్బీ సంస్థ లాస్ వేగాస్ నగరములో బాహాటముగా కొనసాగింపు కార్లను నిర్మించుట ఆరంభించినది. 427 పందెపు నమూనాకు 4000 వరుస, 289 పందెపు నమూనాకు 7000 వరుస, 289 వీధి నమూనాకు 8000 వరుస కేటాయింపబడినవి. సంఖ్య చూచిన వెంటనే కారు ఏ కాలమునాటిదో తెలియును. 3000 వరుస పాత కాలము. 4000 వరుస కొత్త కాలము. ఒక్క అంకె మార్పుతో నిజము నిలబడినది.

మిగిలిపోయిన సంఖ్యలను మరికొందరు బహిరంగముగానే వాడుకొన్నారు. ఇంగ్లండులోని జాగ్వార్ సంస్థ 1963లో తేలిక ఇ-టైప్ కార్లు పదునెనిమిది చేయవలెనని తలచి పండ్రెండే చేసినది. మిగిలిన ఆరు సంఖ్యలతో ఆరు కార్లు చేయుదుమని 2014లో లోకమంతటికి చెప్పి మరీ చేసినది. 1957 ఫిబ్రవరి 12న ఆ సంస్థ బ్రౌన్స్ లేన్ కర్మాగారములో అగ్నిప్రమాదము జరిగి తొమ్మిది ఎక్స్.కె.ఎస్.ఎస్. కార్లు దగ్ధమైనవి. వాటి లోటు తీర్చుటకు తొమ్మిది కొత్త కార్లను 2016లో ప్రకటించినది. నూరింట డెబ్బదియైదుతో ఆగిపోయిన డి-టైపునకు మిగిలిన ఇరువదియైదు 2018లో ప్రకటింపబడినవి. ఆస్టన్ మార్టిన్ సంస్థ డి.బి.4 జి.టి. కారును ఇరువదియైదు ప్రతులుగా తిరిగి నిర్మించి, పన్నులు కాక ఒక్కొక్కటి 15 లక్షల పౌండ్లకు అమ్మినది. పాత సంఖ్యలు వాడుట తప్పు కాదు. పాత కాలమని నమ్మించుటయే తప్పు. సంఖ్య ఒక్కటే అయినను, ఒకచోట అది జ్ఞాపకము, మరొకచోట అది అబద్ధము.

న్యాయస్థానము ఏమన్నది?

ఎన్ని భాగములు మారినచో కారు తన పేరు పోగొట్టుకొనును? ఈ ప్రశ్న 1990లో ఇంగ్లండు హైకోర్టు ముందుకు వచ్చినది. బెంట్లీ సంస్థకు చెందిన "ఓల్డ్ నంబర్ వన్" అను కారు 1929లోను 1930లోను లె మాన్స్ పందెము గెలిచినది. రెండుమారులును వుల్ఫ్ బర్నాటో దానిని నడిపినవారిలో ఒకడు. తరువాత దానికి పెద్ద ఇంజను అమర్చినారు. 1932లో బ్రూక్‌లాండ్స్ పందెములో అది ఘోర ప్రమాదమునకు గురియై, చోదకుడు క్లైవ్ డన్ఫీ మరణించినాడు. అటుపై దానికి మరొక శరీరము కట్టినారు. దాదాపు అరువది సంవత్సరములకు, కోటి పౌండ్ల వెలకు ఒప్పందము కుదిరిన పిమ్మట, కొనువారు వెనుకకు తగ్గి, ఇది ఆ పాత కారు కాదని వాదించినారు. అమ్మినవారు దావా వేసినారు.

న్యాయమూర్తి ఒటన్ సాక్ష్యములను విని మాటలను వేరువేరుగా తూచినాడు. గెలిచిననాటి లోహము అందులో కొద్దిగనే మిగిలినది గనుక, 1929 నాటి లేక 1930 నాటి కారు యథాతథముగా నిలిచినదని అనుటకు వీలులేదు. కాని ఆ కారు ఎన్నడును మాయమైపోలేదు. విడిపోయి రెండు కార్లు కాలేదు. మార్పు వెనుక మార్పుగా ఒకే జీవితము సాగించినది. ఆ పేరు చెప్పుకొనదగిన మరొక కారు లోకమున లేదు. కనుక అది నిజమైన "ఓల్డ్ నంబర్ వన్" అని తీర్పు వచ్చినది. అమ్మినవారు గెలిచినారు.

ఈ తీర్పు నుండి మనము నేర్వవలసినదేమి? కారునకు ప్రాణము లోహములో మాత్రమే లేదు. తెగని కథలో ఉన్నది. రథపు చక్రము మారినను రథము మారదని మన పల్లెవాడు అనుట కూడ ఈ భావముతోనే. అదే సమయమున, కొనసాగింపు కారునకు ఈ తీర్పు నీడ లభింపదు. దాని కథ పాత కారు కథకు కొనసాగింపు కాదు. నమూనాకు మాత్రమే కొనసాగింపు. ఒకే తండ్రికి చాల ఆలస్యముగా పుట్టిన బిడ్డ వంటిది అది. వంశము నిజమే, అన్న పొందిన పతకములు తమ్మునివి కావు.

హక్కు వేరు, పుట్టుపూర్వోత్తరములు వేరు

సామాన్యముగా ఈ రెంటిని మనము కలిపివేయుదుము. వేరు చేసి చూపుటకు షెల్బీ సంస్థదే మరొక కారు ఉదాహరణగా నిలుచును. పీటర్ బ్రాక్ రూపకల్పన చేసిన డేటోనా కూపే కార్లు ఆరు మాత్రమే తయారైనవి. 1965లో జి.టి. తరగతిలో ప్రపంచ నిర్మాతల పోటీని షెల్బీ సంస్థకు గెలిచి పెట్టినవి ఇవే. వాటిలో మొదటిది సి.ఎస్.ఎక్స్. 2287. అది చేతులు మారి, కాలిఫోర్నియాలో దశాబ్దాల తరబడి ఒక గోదాములో మూతబడి ఉన్నది. 2000లో యజమాని మరణించగా, కారు తనకు కానుకగా ఇచ్చినారని ఒకరు, వారసత్వముగా తమకు చెందినదని మరొకరు కోర్టునకెక్కినారు. ఆ కారు ఏ కారు అను విషయములో ఎవరికిని అనుమానము లేదు. అది ఎవరిది అనునదే వ్యాజ్యము. చివరకు అది ఫిలడెల్ఫియాలోని సిమియోన్ మ్యూజియము చేరినది. 2014లో అమెరికా దేశపు చారిత్రక వాహన పట్టికలో మొట్టమొదటి కారుగా నమోదైనది.

ఈ రెండు ఉదాహరణలను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. నలుబదిమూడు సంఖ్యల వ్యవహారములో చేతిలో పత్రమున్నది, పుట్టుపూర్వోత్తరములు తప్పు. డేటోనా కూపే విషయములో పుట్టుపూర్వోత్తరములు నిక్కము, హక్కు సందిగ్ధము. ప్రభుత్వ కాగితము యజమాని ఎవరో చెప్పును. వస్తువు ఏమో చెప్పదు. ఇల్లు కొనువాడు విక్రయ దస్తావేజు ఒక్కటి చూచి ఊరకుండడు. ముప్పది ఏండ్ల లింకు డాక్యుమెంట్లు అడుగును. నేలకు పనికివచ్చు ఆ జాగ్రత్తయే కారునకును పనికివచ్చును.

కొనసాగింపు కారు యజమాని ఏమి భద్రపరచవలెను?

అసలు కారునకు గతము నిండుగా ఉండును. దానిని వెలికితీయుట పరిశోధకుని పని. కొనసాగింపు కారునకు గతము లేదు. పుట్టిన దినము నుండి దానిని కూడబెట్టవలెను. ఆ బాధ్యత మొదటి యజమానిది.

మొదటిది, నిర్మాత ఇచ్చిన జన్మపత్రము. ఇది కారు పుట్టుకను తెలుపు మొదటి కాగితము. దీని ఆధారముననే రాష్ట్ర ప్రభుత్వము యాజమాన్య పత్రమునిచ్చును. రెండవది, చట్రముపై ముద్రించిన సంఖ్య, రేకుపై చెక్కిన సంఖ్య, కాగితముపై ఉన్న సంఖ్య మూడును సరిపోవుట. మూడవది, ఇంజను చరిత్ర. షెల్బీ కొనసాగింపు కార్లు చాలవరకు ఇంజను, గేరుపెట్టె లేకుండ అమ్మబడును. వాటిని కొన్నవాడు వేరుగా అమర్చుకొనును. కనుక ఇంజను ఎవరు చేసినారు, ఎవరు బిగించినారు అను వివరము వేరు రసీదులలో ఉండును. నాలుగవది, శరీరము అల్యూమినియమా, గాజుపీచు గలదా అను సంగతి. వెలలో భేదము దీని మీద కూడ ఆధారపడును. ఐదవది, అమెరికాలోని షెల్బీ కార్ల సంఘము ప్రచురించు వరుస పట్టికలో నమోదు. 1975లో స్థాపితమైన ఆ సంఘము పాత కార్లతోపాటు కొనసాగింపు కార్లను కూడ సంఖ్యవారీగా లెక్కించుచున్నది.

ఇక ఒక హెచ్చరిక. యాజమాన్య పత్రముపై "సంవత్సరము" అను గడి ఒకటి ఉండును. కొన్ని రాష్ట్రములలో కారు నిర్మింపబడిన సంవత్సరము వ్రాయుదురు. కొన్నిటిలో అది ఏ కారును పోలియున్నదో ఆ కారు సంవత్సరము వ్రాయుటకు అవకాశము కలదు. 2005లో పుట్టిన కారు కాగితముపై 1965 అని ఉండవచ్చును. చట్టము దృష్టిలో అది తప్పు కాదు. మొదటి యజమానికి సంగతి తెలియును, రెండవవానికి చెప్పబడును, మూడవవానికి లీలగా తెలియును, నాలుగవవాడు కాగితమునే నమ్మును. ఎవరును అబద్ధమాడకయే అబద్ధము పుట్టు విధానమిది. మోసము కంటె మౌనమే ఎక్కువమందిని ముంచినది.

సమాధానము

ఇప్పుడు మా విద్యార్థి ప్రశ్నకు వత్తుము. కొనసాగించుట తప్పా? తప్పయినచో తెలుగువారికి మహాభారతమే లేకపోయెడిది. రాజరాజనరేంద్రుని కోరికపై నన్నయ ఆరంభించిన భారతము అరణ్యపర్వము నాలుగవ ఆశ్వాసమున ఆగిపోయినది. తిక్కన విరాటపర్వము నుండి చివరి వరకు వ్రాసినాడు. నడుమ మిగిలిన భాగమును దాదాపు మూడు శతాబ్దముల తరువాత ఎఱ్ఱన పూరించినాడు. నన్నయ శైలిని అనుసరించి, నన్నయ వ్రాసినట్లే, రాజరాజునకే అంకితముగా పూరించినాడు. ఇంతకంటె నిండైన కొనసాగింపు వేరొకటి ఉండునా? అయినను పర్వాంతమున, ఈ శేషమును పూరించినది ఎఱ్ఱన అను మాట స్పష్టముగా ఉన్నది. అతుకు కనబడనంత నేర్పుతో వ్రాసి, అతుకు ఉన్నదని చెప్పిన నిజాయితీ అది. అందుచేతనే ఎఱ్ఱన నన్నయ నీడలో కరగిపోలేదు. కవిత్రయములో మూడవవాడై నిలిచినాడు.

కాబట్టి సమాధానమిది: గ్రంథకర్తయే మరొక ప్రతి వ్రాసినచో అది అతని ప్రతియే; దాని తేదీ దానిపై ఉన్నంతవరకు అందులో లోపము లేదు. పాత తేదీ వేసిన మరుక్షణము చేయి అసలుదైనను, పత్రము నకిలీది. 4000 వరుస కోబ్రా నిజమైన వస్తువు. దానినే 3000 వరుస కోబ్రా అనినచో, అంతే మంచి లోహము, అంతే మంచి ఇంజను ఉండి కూడ, అది అబద్ధము.

ఈ వ్యాసమును ముగించుటకు ముందు మా తప్పు ఒకటి చెప్పుకొనవలెను. ఉద్యోగములో చేరిన తొలి సంవత్సరమున, సాయంకాలపు తొందరలో, ఒక విద్యార్థి తెచ్చిన నకలుపై అసలు చూడకయే "అసలుతో సరిచూడబడినది" అను ముద్ర వేసి సంతకము చేసితిమి. కుర్రవాడు మంచివాడు, ముఖము చూచి నమ్మితిమి. అందులో పుట్టిన సంవత్సరము దిద్దబడి ఉన్నదని తరువాత తెలిసినది. వయస్సు పరిమితి గల ఒక ఉపకారవేతనము ఆ కాగితముతో అతనికి వచ్చినది. వరుసలో తరువాత ఉన్న మరొక విద్యార్థికి తప్పిపోయినది. ఆ రెండవ విద్యార్థి చదువు మధ్యలోనే మానివేసినాడు. అతడు మమ్ము నిందింపలేదు. జరిగినది అతనికి తెలియనే తెలియదు. తెలిసినది మాకే. ఆనాటి నుండి అసలు చూడనిదే మా కలము కదలలేదు. కొందరు విద్యార్థులు మమ్ము కఠినుడని అనుకొందురని ఎరుగుదుము.

దూరదేశమున కోట్లు విలువచేయు కారు సంగతి మనకెందుకని కొందరు అడుగవచ్చును. కారు మనకు అక్కరలేదు. కాని సంఖ్య, తేదీ, సంతకము అను మూడింటితోనే ఆ కారు విలువ నిలిచినది. ఆ మూడింటితోనే మన సర్టిఫికెట్లు, మన పొలములు, మన ఇండ్లు నిలిచియున్నవి. రేపు మీరు గుమాస్తాలగుదురు, ఉపాధ్యాయులగుదురు, అధికారులగుదురు. మీ ముందు ఎవరో ఒక నకలు పెట్టి, "సార్, ఒక్క సంతకం" అని నిలబడుదురు. ఆ క్షణమున మీరు అడుగవలసిన మాట ఒక్కటే. అది తెలుగులోను ఉర్దూలోను ఒక్కటే మాట: అసలు ఏది?